సగం అల్లిన తల

ఒజియుగో నిలబడి పని చెయ్యడం మొదలుపెట్టి ముప్పై ఒక్క ఏళ్ళయింది. సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టవు. కుడిచేతి రెండు వేళ్ళకి రెండేళ్ళ కిందట తిమ్మిరి పట్టింది, ఇంకా వదల్లేదు. డాక్టరు వేళ్ళు అటూ ఇటూ వంచి చూసి, ఈ పని మానెయ్యాలమ్మా అన్నాడు. మానేస్తే పొయ్యి మీద ఏం పెట్టాలో కూడా ఆ చీటీ మీదే రాసిస్తే పోయేది కదా అని ఆమె తర్వాత పదిమందికి చెప్పి నవ్వించింది. తను మాత్రం నవ్వలేదు. నవ్వడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

ఆమె షాపు నది ఒడ్డున మా ఊరు ఒనిచాలో, పెద్ద సంత వెనక, చెప్పులు కుట్టేవాళ్ళ సందులో ఉంది. మూడు కుర్చీలు, ఒక పొడుగు బల్ల, గోడకి నిలువెత్తు అద్దం, మేకులకి వేలాడే సవరాలు, జడల కొసలు ముంచడానికి వేణ్ణీళ్ళ కెటిలు. బోర్డు మీద దేవుడి దయ అనో దీవెన అనో రాసి ఉంటుంది కానీ దాన్నెవరూ చదవరు. సందు మొదట్లో నిలబడి అడిగితే "కథల షాపేనా?" అని చెయ్యి చూపిస్తారు.

ఆ పేరు రావడానికి కారణం లేమి. సన్నజడలు అల్లాలంటే ఒక్కో తలకి ఆరు గంటలు, ఎనిమిది గంటలు పడుతుంది. అంతసేపు ఆడవాళ్ళు గోడలు చూస్తూ కూర్చోరు. మిగతా షాపుల్లో టీవీలు పెట్టి సినిమాలు వేశారు. ఒజియుగోకి టీవీ కొనే స్తోమతు లేదు గానీ, చదవడం వచ్చిన కూతురుంది. సొమాదీనాని ఎనిమిదో ఏట బల్ల చివర కూర్చోబెట్టి చేతికి పుస్తకం ఇచ్చింది. ముందు బడి పుస్తకాలు, ఆ తర్వాత బైబిల్లో యుద్ధాలున్న చోట్లు, ఆ తర్వాత నవలలు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని కళ్ళతో చదువుతూ నోటితో మా ఇగ్బో భాషలో చెప్పుకుపోతుంది. ముసలిదానికి ఒక గొంతు, పోలీసుకి ఒక గొంతు. ఇప్పుడు సొమాకి ఇరవై రెండేళ్ళు, మిషన్ బళ్ళో టీచరు. అయినా శనివారం వచ్చిందంటే ఆ బల్ల చివరి చోటు ఆమెదే.

ఎవరెన్ని రాసినా ఆ షాపులో పెత్తనం ఇజెందు నవలలది. ఇజెందు మా ఊరి పిల్లే. తండ్రి రేవులో గుమాస్తాగా చేసేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇంగ్లండు వెళ్ళి, లీడ్స్ అనే చలి ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో పనికి కుదిరి, సెలవు రోజుల్లో రాయడం మొదలుపెట్టింది. మొదటి మూడు నవలలూ మన నది అడుగున ఒక రాణి నడిపే సంత గురించి. పైన మనుషులు పోగొట్టుకున్నవన్నీ అక్కడ అమ్మకానికి పెడతారు: ఉంగరాలు, తాళంచెవులు, మర్చిపోయిన పేర్లు, ఇచ్చి నిలబెట్టుకోని మాటలు. తర్వాతి రెండు నవలల్లో రాణులూ లేరు, నీటిలోకాలూ లేవు. పరాయి దేశంలో మనవాళ్ళ బతుకు. తెల్లవారకముందే బస్సు కోసం నిలబడే నర్సులు, ఒకే మంచం మీద వంతులు వేసుకుని పడుకునే ముగ్గురు, ఫోనులో ఇంటికి బాగానే ఉన్నానని చెప్పి పెట్టేశాక కాసేపు అలాగే కూర్చునేవాళ్ళు.

నీటిసంత పుస్తకాలు చదువుతున్నప్పుడు చేపలమ్మే మామా ఎబెలే (మాలో మామా అంటే అమ్మ) తప్పులు పట్టేది. నదిలో ఆ వైపు అంత లోతు లేదని, అక్కడ సంత పెడితే రాణి మోకాళ్ళు బయట పడతాయని ఆవిడ వాదన. ఇంగ్లండు పుస్తకాలప్పుడు, చెల్లెళ్ళో మరదళ్ళో అక్కడున్న వాళ్ళంతా మూతి ముడుచుకునేవాళ్ళు. తమవాళ్ళకి సొంత గదులున్నాయట, ఈ ఇజెందుకి ఎక్కడా మంచివాళ్ళు తగలరట. ఒజియుగో ఏమీ అనేది కాదు. ఆమెకి ఆ నర్సులంటేనే ఇష్టం. కథలో ఎవరికైనా కాళ్ళు నొప్పెడితే ఆ రాసినావిడ అబద్ధం చెప్పట్లేదని ఆమె లెక్క.

ఇజెందు ఇంగ్లండు వెళ్ళే ముందు రోజు ఆ పిల్ల తల అల్లింది ఒజియుగోనే. తొమ్మిది గంటలు పట్టింది. ఆ తొమ్మిది గంటల్లో ఆమె ఒక పొరపాటు చేసింది. అదేమిటో చెప్పాలంటే ఇంకో రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో ఒజియుగో నదికి అవతలి గట్టున, అసాబాలో ఉండేది. పెళ్ళయి ఏడేళ్ళయినా కడుపు పండలేదని లారీ డ్రైవరు మొగుడు రెండో ఆవిడని తెచ్చుకున్నాడు. ఒజియుగో తన దువ్వెనలు, కుర్చీ తీసుకుని బయటికొచ్చేసి, బస్టాండు పక్కన రేకుల పందిరి కింద జడలు వేసుకుని బతికేది. ఒక మధ్యాహ్నం పద్దెనిమిదేళ్ళ పిల్ల వచ్చింది, వీపున మూడు నెలల బిడ్డతో. బిడ్డని బల్ల మీద పడుకోబెట్టి తల అప్పగించింది. ఏ ఊరు తల్లీ అంటే చేత్తో ఎటో చూపించింది. ఎడమవైపంతా అల్లడం అయ్యాక, బిడ్డకి జావ తెస్తానని లేచింది. తలకి గుడ్డ చుట్టుకోమని ఒజియుగో చెబితే, "ఈ మలుపే కదక్కా" అని వెళ్ళింది.

మాలో సగం అల్లిన తలతో ఆడది వీధిలోకి రాదు. వచ్చిందంటే మతి చెడినదై ఉండాలి. పొద్దుపోయి పని ఆగిపోతే తలకి గుడ్డ చుట్టుకుని ఇంటికి పోయి, తెల్లారగానే మళ్ళీ ఆ చేతి కిందికే వచ్చి కూర్చోవాలి. మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. ఇంకొకరు ఆ తలని ముట్టుకోరు. అందుకే ఒజియుగో కంగారు పడలేదు, పోలీసుల దగ్గరికి పోలేదు. సగం తల మిగిలి ఉంటే రాకుండా ఎక్కడికి పోతుంది? ఆ సాయంత్రం చూసింది, మర్నాడు చూసింది. ఆ పిల్ల కుడివైపుకని విడదీసిన సవరం పాయల్ని ఇంకెవరికీ వాడకుండా మేకుకి తగిలించి, మూడు నెలలు కళ్ళు కాయలు కాచేలా చూసింది. నాలుగో నెలలో ఒక రోజు బిడ్డ ఆమె చెవిపోగు పట్టుకుని లాగి కిలకిల నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె ఆ పిల్ల రాకూడదని ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టింది. ఆ ప్రార్థన సంగతి పాదిరీ గారి దగ్గర కూడా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

బిడ్డకి సొమాదీనా అని పేరు పెట్టుకుంది. నేను ఒంటరిదాన్ని కాకూడదు అని దానర్థం. పేరు పెట్టిన వారానికే పందిరి విప్పేసి, ఎవరూ ఏమీ అడగకముందే వంతెన దాటి ఒనిచా వచ్చేసింది. ఆ ఏడే లారీ బోల్తా పడి మొగుడు పోయాడు. పుట్టింటి ఊళ్ళో ఆమె అన్నగారు బిడ్డని చూసి ఇది బావగారి బిడ్డే అనుకున్నాడు. చావు ఇంట్లో నెలలు ఎవరు లెక్కపెడతారు?

రెండేళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మోసింది. ఆ తర్వాత ఇజెందు వచ్చి కుర్చీలో కూర్చుంది. దేశం వదిలి వెళ్ళేవాళ్ళతో చెప్పిన మాట వాళ్ళతోపాటే వెళ్ళిపోతుందని మాలో ఒక నమ్మకం ఉంది. విమానం ఎక్కేవాళ్ళ చెవిలో గుట్టు చెప్పి గుండె బరువు దింపుకున్నవాళ్ళు మా సందులోనే అరడజను మంది ఉంటారు. ఒజియుగో కూడా అదే చేసింది. బల్ల మీద నిద్రపోతున్న బిడ్డని చూపించి మొత్తం చెప్పేసింది, ఒక్క ఆ ప్రార్థన తప్ప. ఇజెందు ఏమీ మాట్లాడకుండా వింది. అంత బుద్ధిగా వినే పిల్లని చూస్తే అనుమానం రావాల్సింది. ఆ మాట విమానం ఎక్కి వెళ్ళనైతే వెళ్ళింది గానీ, ఇరవై ఏళ్ళ తర్వాత అట్టవేసుకుని తిరిగొచ్చింది.

మూడు వారాల కిందట ఇజెందు ఆరో నవల వచ్చింది. ఇంగ్లండు నుంచి వస్తున్న ఎవరి చేతనో పంపించింది. లీడ్స్‌లో ఒక నర్సు బస్టాపు వెనక మెట్లు దిగితే అడుగున మన నది సంత ఉంటుంది. అంటే రెండు రకాల నవలలనీ కలిపి ఒకే కుండలో వండిందన్నమాట. మొదటి పేజీలో, ఒనిచాలో తొమ్మిది గంటలు నా తలని పట్టుకున్న ఒజియుగో చేతులకి, అని అచ్చు వేయించింది. ఒజియుగో ఆ ముక్క నాలుగుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత పుస్తకం చంకన పెట్టుకుని చెప్పుల కొట్లన్నీ తిరిగింది, పాదిరీ గారి భార్యకి చూపించింది, ఆవిడ ఫోటో తీసి చర్చివాళ్ళందరికీ పంపింది. ఆ నవల్లో జడలల్లే మనిషంటూ వస్తే అది ఒజియుగోనే అని ఊరంతా ముందే తెలిసేలా డప్పు కొట్టుకున్నది ఆమే.

రెండో శనివారం కథలోకి ఆ మనిషి వచ్చింది. నది ఒడ్డున రేకుల పందిరి, లారీ డ్రైవరు మొగుడు, దువ్వెన తన జుట్టులోనే దోపుకుని వెతుక్కునే అలవాటు, శ్రుతి లేకుండా పాడే భక్తిపాటలు. షాపులో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఒజియుగో కూడా మురిసిపోయింది. అంతలో సొమా, ఒక మధ్యాహ్నం వీపున బిడ్డతో ఒక అమ్మాయి ఆ పందిరి కిందికి వచ్చింది, అని చదివి, టైమైందని పుస్తకం మూసింది. ఒజియుగో చేతిలోంచి దువ్వెన జారి కింద పడింది.

ఆ రోజు నుంచి ఆమెకి అన్నం సయించలేదు. ఎందుకంటే ఇదే సమయంలో సొమా పెళ్ళి మాట నడుస్తోంది. పిల్లాడు మదూకా, కరెంటు సామాన్ల కొట్టు, నెమ్మదస్తుడు. మాలో మాట ఖాయం చేసుకునే ముందు పిల్లాడివాళ్ళు ఆరా తీస్తారు. పిల్ల ఇంట్లో పిచ్చి ఉందా, దొంగతనం ఉందా, ఏ వంశం, ఏ రక్తం. ఎవరి బిడ్డో తెలియని పిల్ల అయితే తమ రక్తమే అయి ఉండొచ్చు, ఎవరూ సంబంధం కలుపుకోని, గుడికి బానిసలుగా అర్పించిన వంశమూ అయి ఉండొచ్చు. అలాంటి పిల్లని గడప తొక్కనివ్వరు. మదూకా వైపు ఆ ఆరా తీసే పని మేనత్త రోజ్‌లీన్‌ది. వచ్చే శనివారం తల అల్లించుకోవడానికి వస్తానని ఆవిడ కబురు పెట్టింది. ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుంటే ఊరి సంగతులన్నీ వాటంతటవే వచ్చి ఒళ్ళో పడతాయి మరి.

పోతే పెళ్ళే కదా పోతుంది, ఇంకో సంబంధం వస్తుంది. ఒజియుగో అసలు భయం అది కాదు. ఇరవై రెండేళ్ళుగా అమ్మా అని పిలుస్తున్న నోరు, బల్ల చివర కూర్చుని తన పుట్టుక తనే పైకి చదువుకుంటుంది. ఆ తర్వాత ఆ నోరు ఏమని పిలుస్తుందో అన్నదే ఆమెని తినేసింది.

ఆదివారం ఆమె పుస్తకం తెరిచి తనే చదవబోయింది. చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది గనక బిడ్డ, దువ్వెన, సగం అనే మాటలు మాత్రం పోల్చుకోగలిగింది. ఆ అధ్యాయం ఎక్కడ అయిపోతుందో చూసి, గుర్తుకని ఒక సవరం పోగు పెట్టింది. చించేద్దామనుకుంది. మొదటి పేజీలో తన పేరుంది, చెయ్యి రాలేదు. చివరికి సవరాల బస్తా అడుగున దాచింది. బుధవారం సొమా నల్ల సవరం కోసం బస్తా దులిపితే బయటపడింది. ఇదిక్కడికెలా వచ్చిందమ్మా అంటే, ఎలకలేమో అంది ఒజియుగో. అంత పుస్తకాన్ని ఈడ్చుకుపోయే ఎలకలు ఒనిచాలో ఉంటే ఉండొచ్చు. సొమా ఇంకేమీ అడక్కుండా పుస్తకం సంచిలో పెట్టుకుంది.

తనే చెప్పేద్దామని ఆ వారంలో నాలుగుసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ పన్నెండు గంటలు నిలబడి వచ్చిన ఒళ్ళు. ఇప్పుడు కాదు, కాస్త నడుం వాల్చాక అనుకునేది. అంతలో సొమా గిన్నెలు కడగడమో పిల్లల రాత పుస్తకాలు దిద్దుకోవడమో మొదలుపెట్టేది. అలసట మనిషిని ఎంత పిరికిదాన్ని చేస్తుందో ఆ వారం ఆమెకి బాగా తెలిసొచ్చింది.

శనివారం ఎనిమిదింటికే రోజ్‌లీన్ వచ్చి కూర్చుంది. నిండైన మనిషి, మెత్తని గొంతు, ఏదీ వదలని చూపు. తల అప్పగించి, మాటల్లో మాటగా ఒజియుగో పుట్టింటి ఊరు, మొగుడి ఊరు, ఆయన పోయిన ఏడు, సొమా పుట్టిన ఏడు అడిగింది. ఒజియుగో పాపిడి తీస్తూ, పాయ కలుపుతూ ఒక్కోదానికీ జవాబు చెప్పింది. మామా ఎబెలే తన వంతు కోసం పక్క కుర్చీలో కూర్చుని, ఎవరూ అడగకపోయినా ఒజియుగో మంచితనం గురించి సాక్ష్యం చెబుతూనే ఉంది. పదకొండింటికి సొమా వచ్చి, రోజ్‌లీన్‌కి మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టి, బల్ల చివర కూర్చుని సంచిలోంచి పుస్తకం తీసింది.

తలనొప్పిగా ఉంది, ఇవాళ కథ వద్దు, రేడియో పెట్టమంది ఒజియుగో.

"తలనొప్పి నీకు గానీ మా చెవులకేమైంది?" అంది మామా ఎబెలే. "వారం నుంచి కాచుకునున్నాం. ఆ బిడ్డతో వచ్చిన పిల్ల ఏమైందో తేలకపోతే నా చేపలు కూడా అమ్ముడుపోవు."

రోజ్‌లీన్ అద్దంలోంచి ఒజియుగోని చూసి నవ్వింది. "నీ పేరు అచ్చు వేసిన పుస్తకం నువ్వే వద్దంటే ఎలా చెల్లెమ్మా? నేను వచ్చిందే వినడానికి."

సొమా కూడా అద్దంలోకే చూసింది. తల్లి మొహం ఒక్క క్షణం చూసి, "చదువుతాలేమ్మా. నువ్వు నీ పని చూసుకో" అంది.

రోజ్‌లీన్ ఎడమవైపు అప్పటికి పూర్తయింది, కుడివైపు ముట్టుకోలేదు. సగం తలని వదిలేసి బయటికి పోవడానికి లేదు. ఒజియుగో కొత్త పాయ తీసి వేళ్ళ మధ్య పెట్టుకుంది. వేళ్ళకి తిమ్మిరి ఉన్నా పని తెలుసు. కళ్ళు మాత్రం అద్దంలో సొమా మీదే ఉన్నాయి.

సొమా చదివింది. ఆ అమ్మాయి బిడ్డని బల్ల మీద పడుకోబెట్టింది. ఏ ఊరంటే చేత్తో ఎటో చూపించింది. ఎడమవైపు అల్లడం అయింది. ఒజియుగో అప్పుడు అద్దంలో చూసింది: సొమా బొటనవేలు సవరం పోగు పెట్టిన చోటికి వెళ్ళి, మధ్యలో కాగితాలన్నిటినీ ఒక్కసారిగా ఎత్తి అవతలికి తిప్పేసింది. తల వంచుకునే ఉంది గానీ కళ్ళు అక్షరాల వెంట కదలడం లేదు. గొంతు మాత్రం ఎక్కడా ఆగలేదు.

"తర్వాత కుడివైపు కూడా అల్లింది. కొసలు వేణ్ణీళ్ళలో ముంచింది. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని, బాగుందక్కా అని, బిడ్డని వీపున కట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది. జడలల్లే ఆవిడ దువ్వెనలు సర్దుకుని ఇంటికి బయల్దేరింది. ఇంట్లో ఆవిడ కూతురు ఎదురుచూస్తోంది. తన సొంత కూతురు."

ఒజియుగో చేతిలో పాయ వదులైంది. రోజ్‌లీన్ ఏమిటన్నట్టు తల కదిపితే మళ్ళీ బిగించింది.

"అంతేనా?" అంది మామా ఎబెలే. ఆవిడకి ఒళ్ళు మండింది. బిడ్డని వీపున వేసుకొచ్చింది, బిడ్డని వీపున వేసుకుపోయింది, ఈ మాత్రానికి అంత ఊరించడం దేనికి, ఇంగ్లండు తిండి తిని ఇజెందు చప్పబడిపోయింది అని చాలాసేపు సణిగింది. రోజ్‌లీన్‌కి మాత్రం నచ్చింది. ప్రతి కథలోనూ ఎవరో ఒకరు చావాలా, ఎవరి బిడ్డని వాళ్ళు తీసుకుపోతే అంతకంటే ఏం కావాలి అంది. అయిపోయాక ఆ పుస్తకం ఇస్తే మదూకాకి ఇస్తానని కూడా అంది.

"మదూకాకి నేనే చదివి వినిపిస్తా ఆంటీ," అంది సొమా. "పెళ్ళి మాట ఖాయం కాకముందే. ఒక్క పేజీ కూడా వదలను."

ఆ మాట రోజ్‌లీన్‌కి ముచ్చటగా తోచింది. ఐదింటికి తల ముగిశాక అద్దంలో అటూ ఇటూ చూసుకుని, కాబోయే కోడలి బుగ్గ నిమిరి వెళ్ళింది. మామా ఎబెలే తన తల సోమవారానికి వాయిదా వేసుకుని ఆవిడ వెనకే పోయింది. షాపులో తల్లీ కూతుళ్ళు మిగిలారు.

ఒజియుగో కింద పడ్డ వెంట్రుకలు ఊడ్చింది. కెటిలు తుడిచింది. తుడిచిన కెటిల్నే మళ్ళీ తుడిచింది. సొమా వెళ్ళి కుర్చీలో కూర్చుని తలకున్న గుడ్డ విప్పింది.

"నాకు కూడా అల్లమ్మా."

"రేపు చూద్దాం తల్లీ. కాళ్ళు నిలబడనివ్వట్లేదు."

"ఇవాళే. లావు జడలే వెయ్యి, ఎంతోసేపు పట్టదు."

మాట కాదనలేక ఒజియుగో దువ్వెన అందుకుంది. ఆ తల ఆమెకి నెలల బిడ్డప్పటి నుంచీ తెలుసు, ఎడమ చెవి వెనక సుడి ఎక్కడుందో, ఎక్కడ లాగితే నొప్పెడుతుందో తెలుసు. ఎడమవైపు చివరి జడ బిగించేసరికి సందులో ఎండ వాలిపోయింది. సొమా లేచి నిలబడింది.

"ఆకలేస్తోంది. మలుపు దగ్గర అరటికాయలు కాలుస్తున్నారు. తెస్తా."

ఒజియుగో మేకుకున్న గుడ్డ లాగి చాచింది. "ఇది చుట్టుకునెళ్ళు."

"ఈ మలుపే కదమ్మా," అని సొమా గడప దాటింది.

చెప్పులవాళ్ళు పని ఆపి చూశారు. ఒక పక్క నున్నగా జడలు, ఒక పక్క నిక్కబొడుచుకున్న జుట్టు, మధ్యలో టీచరమ్మ. ఎవరో ఈల వేశారు. మతి ఎప్పుడు పోయిందమ్మా అని ముసలాయన ఒకడు అడిగాడు. సొమా ఎవరికీ బదులు చెప్పలేదు, పరుగెత్తలేదు కూడా. సందు చివర కుడికి తిరిగి కనిపించకుండా పోయింది.

ఒజియుగో గుమ్మంలో నిలబడింది. సొమా కుడివైపుకని విడదీసిన సవరం పాయలు ఆమె చేతిలోనే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కిందట కూడా పందిరి ముందు ఇలాగే నిలబడింది, అప్పుడు వయసులో ఉంది, నిలబడగలిగింది. ఇప్పుడు గుమ్మాన్ని ఆనుకోవాల్సి వచ్చింది. సొమా వెళ్ళినా తప్పు లేదు అనుకుంది. ఇన్నాళ్ళు దాచినందుకు వెళ్ళిపోయినా తప్పు లేదు.

మలుపులో ముందు నవ్వులు వినిపించాయి, తర్వాత సొమా కనిపించింది. రెండు చేతుల్లో కాగితం పొట్లం, పక్కకి చూడకుండా నడిచి వస్తోంది. సందు పొడవునా నవ్వులు ఆమె వెంటే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాయి. లోపలికొచ్చి పొట్లం బల్ల మీద పెట్టింది.

"వీధంతా నవ్వారమ్మా," అంది. "మిగతాది వెయ్యి."

ఒజియుగో ఏడ్చింది. చప్పుడు లేకుండా, చేతిలో సవరం పట్టుకునే ఏడ్చింది. సొమా ఆపమనలేదు. కాసేపటికి ఒజియుగో, ఎప్పుడు చదివావు అని అడిగింది.

"బుధవారం. బస్తాలో దొరికినప్పుడే. రెండు రోజులు నీ మీద చాలా కోపంగా ఉంది. ఇప్పటికీ కొంచెం ఉంది." ఆగి, మళ్ళీ అడిగింది. "మూడు నెలలు ఆ సవరం మేకుకి తగిలించే ఉంచావని ఆవిడ రాసింది. అంతగా ఎదురుచూశావా, ఆ పిల్ల వస్తుందని?"

"మూడు నెలలు రావాలని చూశాను. ఆ తర్వాత రాకూడదని ప్రార్థన చేశాను. రోజూ చేశాను."

సొమా పుస్తకం వైపు చూసింది. "అది పుస్తకంలో లేదు," అంది.

"ఇజెందుకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

సొమా కుర్చీని ఈడ్చి తల్లి వెనక పెట్టింది. కూర్చోమ్మా అని భుజాలు పట్టి కూర్చోబెట్టి, తను నేల మీద ఆమె మోకాళ్ళ మధ్య కూర్చుని, అల్లని వైపు పైకి ఉండేలా తలని ఆమె ఒళ్ళో వాల్చింది. పొట్లం విప్పి ఒక అరటికాయ ముక్క వెనక్కి అందించింది. ఒజియుగో అది నోట్లో పెట్టుకుని, జుట్టులో దోపుకున్న దువ్వెన తీసి, కుడివైపు మొదటి పాపిడి తీసింది. ఆ షాపులో ఆమె కూర్చుని అల్లిన మొదటి తల అదే.